విమానం దిగి ఓడ ఎక్కితే

మీలో చాలామంది పడవ ఎక్కే ఉంటారు. గోదావరి మీద లాంచీలో పాపికొండలు చూసి వచ్చినవాళ్ళూ ఉంటారు. కాని పదహారు అంతస్తుల మేడను నీళ్ళమీద నిలబెట్టి, అందులో మూడువేలమందిని ఉంచి, అందరూ నిద్రపోతూండగా దాన్ని ఒక దేశంనుంచి ఇంకో దేశానికి నడిపించుకుపోతే ఎట్లా ఉంటుంది? కిందటి సంక్రాంతి సెలవుల్లో మేము చూశాము.

మేమంటే మా అమ్మ, అక్కయ్య, బావగారు, వాళ్ళ పిల్లలిద్దరూ, నేనూను. మేనల్లుడికి పన్నెండేళ్ళు, మేనకోడలికి తొమ్మిది. మా ఆరుగురిలో ఒక్కరూ అంతకు ముందు సముద్రం మీద ఓడ ఎక్కి ఎరగరు. ఓడ బయలుదేరేది సింగపూరులో. హైదరాబాదునుంచి అక్కడిదాకా విమానంలో వెళ్ళి, ఓడ ఎక్కి, మలేషియాలోని పినాంగునూ, థాయిలాండులోని పుకెట్ దీవినీ చూసుకుని, నాలుగు రాత్రుల తరువాత మళ్ళీ సింగపూరులోనే దిగాలి.

విమానం, ఓడ కలిసిన ప్రయాణంలో ఒక చిక్కున్నది. విమానం ఆలస్యంగా వచ్చిందని ఓడ ఆగదు. దానికి రేవులో ఇచ్చిన వేళ దాటితే అద్దె పెరుగుతుంది; తరువాతి రేవులో దాని చోటు మరొకరికి పోతుంది. అందుచేత మేము ఒకరోజు ముందుగానే సింగపూరు చేరాము. విమానంలో నాలుగున్నర గంటలు పట్టింది. కాని దిగి గోడ గడియారం చూస్తే ఏడు గంటలు గడిచినట్టున్నది. సింగపూరు కాలం మన కాలానికి రెండున్నర గంటలు ముందు. మా అమ్మకు కీ ఇచ్చే పాతకాలపు చేతిగడియారం ఒకటున్నది. అక్కడే నిలబడి, ముల్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నది. ఈ గడియారం సంగతి గుర్తుంచుకోండి.

ఇంకో చిత్రం: సింగపూరునుంచి బయలుదేరి సింగపూరుకే తిరిగి వచ్చినా, ఆ దేశంలో మనం రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క. ఒక్కసారికే పనికివచ్చే వీసా చాలదు. ఈ సంగతి బావగారు ముందే కనుక్కున్నారు గనక సరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం రేవుకు వెళ్ళాము. అది చూడటానికి విమానాశ్రయంలాగే ఉన్నది. పెద్ద పెట్టెలు అక్కడ ఇచ్చివేస్తే అవి ఏ సాయంత్రానికో మన గది తలుపు దగ్గరికి వస్తాయి. ఈలోగా కావలసిన మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచీలో ఉంచుకోకపోతే ఇబ్బంది. మా పెట్టెలు ఎక్స్‌రేలో చూసి, అందులోనుంచి మా అమ్మ కాఫీకని తెచ్చుకున్న కరెంటు కెటిలు తీసుకుని, చీటీ ఇచ్చి, "దిగేటప్పుడు తీసుకోండి" అన్నారు. కెటిలు, ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తి లాంటివి ఓడలోకి రానివ్వరు. నడిసముద్రంలో ఓడకు నీళ్ళకన్న నిప్పంటేనే ఎక్కువ భయం. ఫైరింజను ఎక్కడినుంచి వస్తుంది?

లోపల అడుగుపెడితే ఓడ అనిపించలేదు. అద్దాల లిఫ్టులు, దుకాణాలు, నాటకశాల, పైన ఈతకొలను! పొడవు 300 మీటర్లకు పైమాటే. మొదటిపూట మేము దారి తప్పని చోటు లేదు. అన్ని వసారాలూ ఒకే తీరుగా ఉన్నాయి. చివరికి మేనకోడలే కిటుకు కనిపెట్టింది. వసారాలో పరిచిన తివాచీ నిండా చేపల బొమ్మలున్నాయి. ఆ చేపలన్నీ ఓడ ముందుభాగానికే ఈదుతున్నాయి! తరువాత మేము చేపలను చూసి నడిచాము.

ప్రతివారికీ ఒక కార్డు ఇచ్చారు. గది తాళంచెవి అదే, డబ్బుసంచీ అదే, ఓడ దిగేటప్పుడు ఎక్కేటప్పుడు మన గుర్తింపూ అదే. మామూలు భోజనానికి వేరే డబ్బివ్వక్కరలేదు. అన్నం, పప్పు దొరికాయి. ఆవకాయ కోసం వెతికి లాభం లేదు. కాని సీసా సోడాలకు లెక్క వేరు. ఈ సంగతి తెలియక మేనల్లుడు కార్డు చూపించి ఎన్ని తాగాడో ఆఖరిరోజు బిల్లులో తెలిసింది.

ఓడ కదలటానికి ముందు ఈల మోగింది. ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. అది ఆపద వేళ మోగించే ఈల. అప్పుడు ఎవరెక్కడికి రావాలో, లైఫ్ జాకెట్ ఎట్లా కట్టుకోవాలో నేర్పటానికి అందరినీ పిలుస్తున్నారు. పిల్లలు ఐస్‌క్రీం దగ్గర ఉన్నారు, అమ్మ కాస్త నడుం వాల్చింది. "ఇవన్నీ గది తలుపు మీద రాసే ఉన్నాయి గదా, తరువాత చదువుకుందాం," అన్నారు బావగారు. అంతలో ఓడ మనిషి ఒకడు వచ్చి నవ్వుతూనే మమ్మల్ని లేవదీశాడు. వెళ్ళక తప్పలేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, దాని వెనక కథ ఉన్నది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మంచుకొండను ఢీకొని మునిగినప్పుడు దానిలో సుమారు 2,200 మంది ఉన్నారు. లైఫ్ బోట్లలో చోటు 1,178 మందికే. పదిహేను వందలమందికి పైగా చనిపోయారు. ఆ తరువాత కొన్ని దేశాలు కూడి 1914లో ఓడల భద్రతకు ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు పెద్ద ఓడల్లో లైఫ్ బోట్లు, తెప్పలు కలిపి, ఓడలో ఉన్న అందరికీ సరిపడి ఇంకా మిగులుతాయి.

కాని పడవ ఉంటే చాలునా? 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే విహారనౌక జిగ్లియో దీవి దగ్గర రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. తీరం కనబడుతూనే ఉన్నది, పడవలూ ఉన్నాయి. అయినా 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందలమందికి ఎక్కడికి పరుగెత్తాలో ఎవరూ ఇంకా చూపించనే లేదు. అప్పటి నియమం ప్రకారం ఎక్కిన 24 గంటల్లో చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు ఓడ బయలుదేరే ముందుగాని, బయలుదేరిన వెంటనే గాని చూపించి తీరాలి. ఈ సంగతి చెబితే మేనల్లుడు ఐస్‌క్రీం పక్కన పెట్టి, మేము చేరవలసిన చోటునుంచి మా గదిదాకా మెట్ల మీదుగా రెండుసార్లు నడిచి చూసి వచ్చాడు. ఆపదలో లిఫ్టు వాడకూడదు మరి.

అయిదు గంటలకు ఓడ కదిలింది. కదిలిన సంగతి మాకు తెలియలేదు. ఒడ్డున ఉన్న మేడలే వెనక్కు జరుగుతున్నాయనుకున్నాము. సింగపూరు చుట్టూ సముద్రంలో ఎన్ని ఓడలు! లంగరు వేసుకుని కొన్ని, వస్తూ కొన్ని, పోతూ కొన్ని. ఇక్కడ రోడ్డు మీదిలాగే వెళ్ళే ఓడలకు ఒక దారి, వచ్చే ఓడలకు ఒక దారి ఉన్నాయి. ప్రతి ఓడా తన కుడివైపు దారినే పోవాలి. చీకటిలో తెలియటానికి ఓడ ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చదీపం పెడతారు. దక్షిణాన ఒక చిన్న దీవి మీద లైట్‌హౌస్ కనిపించింది. దాన్ని 1855లో వెలిగించారు. మలయా భాషలో ఆ దీవి పేరుకు అర్థం "ఒంటిచెట్టు దీవి" అట.

"ఎంత వేగంతో పోతున్నాం?" అని మేనల్లుడు అడిగాడు. 18 నాట్లు అన్నారు. సముద్రపు మైలు 1,852 మీటర్లు. గంటకు ఒక సముద్రపు మైలు పోతే అది ఒక నాట్. వెనకటికి నావికులు ముడులు వేసిన తాడును నీటిలోకి వదిలి, ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టి వేగం చెప్పేవారు. ఆ మాట అట్లా వచ్చింది. వాడు లెక్క కట్టి, గంటకు 33 కిలోమీటర్లని తేల్చి, "స్కూటరుపాటి లేదే!" అని ముఖం ముడుచుకున్నాడు. నిజమే, కాని స్కూటరు రాత్రంతా ఆగకుండా పోదు గదా.

అంత ఎత్తు మేడ పక్కకు పడిపోదా అని అమ్మకు భయం. మీరు తంజావూరు బొమ్మను చూశారా? ఎటు వంచినా తిరిగి లేచి నిలబడుతుంది. దాని బరువంతా అడుగున ఉంటుంది. ఓడలోనూ బరువైన యంత్రాలు, చమురు, నీళ్ళు అన్నీ అడుగునే ఉంటాయి. పై అంతస్తులు వీలైనంత తేలికగా కడతారు. పైగా ఓడ వెడల్పూ తక్కువది కాదు. ఒరగకుండా ఆపటానికి నీటిలో రెండు పక్కలా చేప రెక్కల్లాంటివి చాపి ఉంచుతారు. అయినా పెద్ద అల వస్తే కొంచెం ఊగుతుంది. బల్ల ఉయ్యాల చివర కూర్చున్నవాడు ఎక్కువ ఎగురుతాడు, మధ్యనున్నవాడు అంతగా కదలడు. కడుపులో తిప్పేవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది తీసుకోవటం అందుకే మంచిది. మాకు ఆ బాధ లేకపోయింది. మలక్కా జలసంధికి ఒకవైపున సుమత్రా దీవి గోడలాగా నిలబడి హిందూ మహాసముద్రపు పెద్ద అలలను ఆపుతుంది.

మర్నాడు మధ్యాహ్నం పినాంగు వచ్చింది. ఓడ దిగితే జార్జిటౌన్ వీధులే. 2008లో ఆ ఊరిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. నాకు అక్కడ అన్నిటికన్న నచ్చినవి నీళ్ళలో గుంజలు పాతి, వాటిమీద చీనావాళ్ళు కట్టుకున్న చెక్క ఇళ్ళ వీధులు. ఒక్కొక్క వీధికి ఒక్కొక్క ఇంటిపేరు. చ్యూవారి వీధి, లిమ్‌వారి వీధి, టాన్‌వారి వీధి. ఒకే ఇంటిపేరువాళ్ళు ఒకేచోట!

సాయంత్రం పూలకొట్టు దగ్గర మేము మాట్లాడుకుంటూంటే, ముసలావిడ ఒకామె, "మీదే ఊరమ్మా?" అని తెలుగులో అడిగింది. ఆమె మాటలో కొంత యాస ఉన్నది గాని ఆ తెలుగు తెలుగే. వాళ్ళ తాతగారు రబ్బరు తోటలో పనికి వచ్చారట. ఆ రోజుల్లో విహారం కోసం ఎవరు వచ్చారు? మద్రాసు, నాగపట్నాలనుంచి పినాంగుకు, సింగపూరుకు ఓడలు తిరిగేవి. 1926లో కట్టిన రజులా అనే ఓడ 1970ల దాకా ఆ దారినే నడిచింది. పేదవాళ్ళు పై తట్టు మీదే చాపలు పరుచుకుని, వంట మూటలు తలకింద పెట్టుకుని వచ్చేవాళ్ళు. మా అమ్మ ఆమెతో అరగంట మాట్లాడింది. ఆమె మూర మల్లెపూలు కొలిచి ఇచ్చి డబ్బు పుచ్చుకోలేదు.

ఇక పుకెట్ సంగతి. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేసింది. ఓడ పక్కన వేలాడుతూండే లైఫ్ బోట్లనే కొన్నిటిని దించి, వాటిలో మమ్మల్ని పటాంగు తీరానికి చేర్చారు. ప్రతిరాత్రీ గదికి మర్నాటి కార్యక్రమం అచ్చువేసిన కాగితం వచ్చేది. ఆ కాగితం పెత్తనం మేనల్లుడిది. తీరంనుంచి ఆఖరి పడవ 4:30కి అని దానిలో ఉన్నది.

ఇసుకలో ఆడుకున్నాము, మామిడిపండుతో తీపి అన్నం తిన్నాము. తీరం వెంట నడుస్తూ నడుస్తూ చాలా దూరం పోయాము. బావగారు ఫోను చూసి, "3:10 అయింది. ఇంకా గంటకు పైగా ఉన్నది," అన్నారు. అక్కయ్య దుకాణంలోకి వెళ్ళబోతున్నది. అప్పుడు మా అమ్మ తన చెయ్యి చూసుకుని, "నాది నాలుగూ పది అంటున్నదే," అన్నది.

"అమ్మమ్మా, నీ గడియారానికి కీ ఎక్కువయినట్టుంది," అని మేనల్లుడు నవ్వాడు. నవ్వి, జేబులో కాగితం తీసి మళ్ళీ చదివాడు. వాడి ముఖం మారిపోయింది. అడుగున చిన్న అక్షరాలతో, వేళలన్నీ ఓడ కాలం ప్రకారం అని ఉన్నది. థాయిలాండు కాలం సింగపూరుకన్న ఒక గంట వెనక. ఒడ్డుకు రాగానే ఫోను అక్కడి కాలం తనంతట తనే పట్టుకున్నది. ఓడ మాత్రం సింగపూరు కాలం మార్చుకోలేదు. అమ్మ గడియారమూ మార్చుకోలేదు!

ఇరవై నిమిషాలు! పరుగెత్తాము. అమ్మ చెప్పులు చేతపట్టుకుని ఇసుకలో మాకన్న ముందు నడిచింది. ఓడ తప్పితే మన ఖర్చులతో మనమే తరువాతి రేవు చేరుకోవాలి. మాకు తరువాతి రేవు సింగపూరే. అదీగాక అమ్మ వేసుకోవలసిన రక్తపోటు మాత్రలు ఓడలోనే ఉన్నాయి. మేము చేరేసరికి అదృష్టవశాత్తు పడవ దగ్గర ఇంకా వరస ఉన్నది. మా వెనక ఇద్దరే ఎక్కారు. పడవ కదిలాక చాలాసేపటిదాకా ఎవరమూ మాట్లాడలేదు.

ఆ రాత్రి మేనల్లుడు కాగితంలో "ఓడ కాలం" అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, గది తలుపుకు లోపలివైపు అంటించాడు.

మర్నాడంతా సముద్రమే. నీటిలోనుంచి ఎగిరే చేపలు కనిపించాయి. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటిని ఓడలోనే మంచినీళ్ళుగా మారుస్తారని విని, మేనకోడలు గ్లాసు తెచ్చుకుని రుచి చూసింది. చప్పగా ఉన్నాయన్నది.

ఆఖరిరాత్రి పెట్టెలు కట్టి తలుపు బయట పెట్టాలి. తెల్లవారితే అవి రేవులో ఉంటాయి. అక్కయ్య హడావుడిలో మర్నాడు కట్టుకోవలసిన చీర కూడా పెట్టెలో పెట్టి పంపింది; పాపం, రాత్రి కట్టుకున్న చీరతోనే దిగింది. రేవులో చీటీ చూపిస్తే అమ్మ కెటిలు అమ్మకు ఇచ్చేశారు.

హైదరాబాదులో విమానం నేలను తాకగానే చుట్టుపక్కలవాళ్ళ ఫోనులన్నీ వాటంతట అవే మన కాలానికి మారిపోయాయి. అమ్మ మాత్రం విమానం పూర్తిగా ఆగేదాకా ఉండి, మేనల్లుడిని టైము అడిగి, ముల్లు రెండున్నర గంటలు వెనక్కు తిప్పి, గడియారానికి కీ ఇచ్చుకున్నది.