మూల నలిగిన కపిల్ కార్డు

1952 నాటి మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో అమెరికాలో వేలానికొస్తే 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఎందుకంత? డెబ్బై ఏళ్లయినా కొత్తదానిలా ఉంది మరి!

మా మార్కాపురంలో అలాంటివి దొరకవు. తొంభైల్లో మేం క్రికెట్ ట్రంప్ కార్డుల్ని దాచుకోలేదు, ఆడుకున్నాం. ‘టెస్ట్ వికెట్లు’ అంటూ కపిల్‌ని దించామా, 434 ముందు ఎవడి కార్డయినా మనకి ఇచ్చేయాల్సిందే. 2000లో వాల్ష్ ఆ రికార్డు దాటేశాడు. కార్డు మీద మాత్రం కపిలే ఇంకా నంబర్‌వన్!

ఇప్పుడు గిద్దలూరు దాకా పాత సామాన్ల కొట్లలో వాటికోసం వెతుకుతుంటా. మూలలు నలిగి, వెనకాల బాల్‌పెన్నుతో ఎవరి పేరో రాసున్నవే ముందు తీసుకుంటా. అమ్మితే పైసా రాదు, తెలుసు. కానీ ఒకడు గెలిచి ఎగిరిందీ, ఇంకొకడు పోగొట్టుకుని ఏడ్చిందీ ఆ కార్డు కోసమే కదా!