మావయ్య కారు బరువెంత?

భిలాయి-3లో నివసించేవారికి బరువును గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పగలనక రాత్రనక గూడ్సు బళ్ళు సాగిపోతూ ఉంటే మా ఇంటి కిటికీ రెక్కలు సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఒకవైపు నుంచి బొగ్గు వస్తుంది. మరొకవైపుకు పట్టాలు, ఉక్కు పలకలు తరలిపోతాయి. ఆ బళ్ళను లాగే విద్యుత్ ఇంజన్లలో కొన్ని ఒక్కొక్కటి 123 టన్నులు తూగుతాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఎందరో పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఈ బరువుల మధ్య బతుకు తెరువు వెతుక్కుంటూ వచ్చినవారే. అటువంటి ఊరిలో మా మావయ్య యాభై ఏళ్ళపాటు ఒక తేలిక వస్తువును ప్రేమించాడు. అది ఒక చిన్న కారు.

మావయ్య యౌవనంలో కొంతకాలం మద్రాసులో ఉన్నాడు. నగరానికి ఉత్తరాన షోలవరంలో, రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల బాట మీద కార్ల పందేలు జరిగేవి. ఆదివారం మండుటెండలో నిలబడి వాటిని చూసి వచ్చిన మనిషికి ఆ మోజు జీవితాంతం వదలలేదు. రైల్వేలో ఉద్యోగం దొరికి భిలాయి చేరిన తరువాత, 1974లో, 1965 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారును పాతదిగా కొన్నాడు.

హెరాల్డ్ పందెపు కారా అని ఈ సంగతులు తెలిసిన పాఠకులు అడగవచ్చు. కాదు. అది సంసారపక్షమైన కారు. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరిట వెలువడింది. దాని రూపశిల్పి ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలొట్టి. మద్రాసులో 1961 నుంచి తయారైంది. అయితే దాని ఉక్కు చట్రాన్నే కొంత కురచ చేసి, ఇద్దరు కూర్చునే టాపులేని ఒళ్ళు తొడిగితే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ప్రసిద్ధమైన స్పోర్ట్స్ కారు పుట్టింది. అంటే మావయ్య కారు ఆ వంశంలో పెద్దన్నగారన్నమాట. తమ్ముడి గుణాలు చాలావరకు అన్నలోనూ ఉన్నాయి. తమ్ముడి అవగుణాలు కూడా.

యుద్ధానంతరం ఇంగ్లండులో ఇటువంటి తేలిక కార్ల పరంపర ఒకటి వచ్చింది. 1945లో ఎం.జి. టి.సి.; దాని ఇంజను 1250 సి.సి., శక్తి 54 గుర్రాలు మాత్రమే. 1957లో కాలిన్ చాప్‌మన్ రూపొందించిన లోటస్ సెవెన్. కొన్నవారు విడిభాగాలుగా తెచ్చుకుని, పన్ను తప్పించుకుని, ఇంటి దగ్గర బిగించుకునేవారు. 1958లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్. దానికి వెనుక సామాను పెట్టె తలుపు కూడా పెట్టలేదు. వీటన్నిటి సూత్రం ఒక్కటే: శక్తి పెంచడం ఖర్చుతో కూడిన పని, బరువు తగ్గిస్తే అదే ఫలితం చవకగా దొరుకుతుంది. బరువు తగ్గితే బండి త్వరగా అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది, త్వరగా తిరుగుతుంది. పెట్రోలు తక్కువ తాగుతుంది.

ఈ తేలికదనాన్ని మా ఊరి కొలతతో చెబుతాను. ఇక్కడి కర్మాగారం తయారుచేసే రైలు పట్టా మీటరుకు 60 కిలోలు తూగుతుంది. పాతకాలపు లెక్కలో ఒక పట్టా పొడవు 13 మీటర్లు. అంటే బరువు 780 కిలోలు. హెరాల్డ్ బరువు సుమారు 800 కిలోలు. ఎం.జి. టి.సి. కూడా ఇంచుమించు అంతే. స్ప్రైట్‌ను తూచడానికి 11 మీటర్ల పట్టా చాలు. లోటస్ సెవెన్‌కు ఎనిమిది మీటర్లు ఎక్కువే. ఇంజను, చక్రాలు, దీపాలు, కూర్చునే మనిషి గర్వం అన్నీ కలిపి ఒక పట్టాముక్క! నేడు మన వీధులలో తిరిగే జీపు తరహా కార్లలో పాతిక మీటర్ల పట్టాకు తూగేవి చాలా ఉన్నాయి.

1998లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, మావయ్య ఆ కారులోనే నాకు డ్రైవింగు నేర్పాడు. రైల్వే కాలనీ వీధులలో తెల్లవారుజామున బయలుదేరేవాళ్ళం. స్టీరింగుకు యంత్ర సహాయమేమీ లేదు. అయినా చిటికెన వేలితో తిప్పవచ్చుననిపించేది. రోడ్డు మీద ఉన్న ప్రతి గులకరాయి కబురూ అరచేతికి అందేది. పాతిక అడుగుల వెడల్పు స్థలం దొరికితే చాలు, బండి గిరుక్కున వెనుదిరిగేది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలోనే గాలిలో తేలుతున్నట్టుండేది. తరువాతి కాలంలో అంతకు రెట్టింపు వేగంతో పోయే కార్లలో ఎక్కాను. ఆ అనుభవం మళ్ళీ కలగలేదు. బాగుచేయవలసి వస్తే ముందుభాగమంతా ఒక్కటిగా ముందుకు ఒరిగేది. మావయ్య చక్రం మీద కూర్చుని, పీటమీద కూర్చుని కూర తరిగినంత తీరుబడిగా ఇంజను విప్పేవాడు. తన దేహంలో ఏ రహస్యాన్నీ దాచుకోని యంత్రం అది.

కాని ఆ సంవత్సరమే, తొలకరి వాన కురిసిన మరునాడు, ఒక మలుపులో నేను భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాను. వెనుకభాగం నన్ను దాటిపోవడానికి ప్రయత్నించింది. కారు బొంగరంలా ఒక చుట్టు తిరిగి పొలంగట్టు పక్కన ఆగింది. దెబ్బలేమీ తగలలేదు. కారణం తరువాత తెలిసింది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌ల వెనుక ఇరుసులు మధ్యలో కీలు పెట్టి ఊగేటట్టు అమర్చినవి. మలుపులో ఉన్నట్టుండి వేగం తగ్గిస్తే వెనుకభాగం పైకి లేచి, బయటి చక్రం లోపలికి మడుచుకుంటుంది. టైరుకు నేల మీద పట్టు పోతుంది. ఊగే ఇరుసులు గల ఒక అమెరికన్ కారు మీద రాల్ఫ్ నాడర్ 1965లో తన పుస్తకంలో ధ్వజమెత్తడంతో అక్కడ పెద్ద దుమారమే లేచింది.

ఇంకొక లోపం ఇంతకంటే పెద్దది. 1959 సంవత్సరాన్ని తలచుకుంటే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ ఏడాదే ఇంగ్లండులో హెరాల్డ్ పుట్టింది. ఆ ఏడాదే స్వీడన్‌లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొసల సీటు బెల్టు కార్లలోకి వచ్చింది. జర్మనీలో బేలా బరేనీ అనే ఇంజనీరు ఆలోచన ప్రకారం, ప్రమాదంలో ముందుభాగం తాను నలిగి లోపలి మనుషులను కాపాడే మెర్సిడెస్ కారు వెలువడినదీ ఆ ఏడాదే. అయితే ఈ రెండు వరాలూ మావయ్య కారుకు అందలేదు. అందులో బెల్టులు లేవు. నలిగి కాపాడే ముందుభాగం లేదు. ఢీకొన్న రెండు వాహనాల మీదా బలం సమానంగానే పడుతుంది. కాని వేగంలో కలిగే కుదుపు మాత్రం బరువు తక్కువదానికే ఎక్కువ. 16 టన్నుల లారీ ఎదురైతే, లారీకి కలిగే కుదుపుకు ఇరవై రెట్లు ఈ కారుకు కలుగుతుంది. ఉక్కు చుట్టలు మోసుకుపోయే లారీల మధ్య, మా ఊరి పక్క జాతీయ రహదారి మీద ఈ లెక్క కాగితానికి పరిమితమైనది కాదు.

ఇవన్నీ నెమరు వేసుకోవలసిన అవసరం గత సంవత్సరం వచ్చింది. మావయ్యకు చూపు మందగించింది. ఒకనాడు తాళంచెవి నా చేతిలో పెట్టి, "అమ్మడూ, ఇక ఇది నీది" అన్నాడు. ఇరవై ఏళ్ళ మా అబ్బాయి ఆ క్షణం నుంచే దానిమీద రాయపూర్ వెళ్ళిరావాలని కలలు కనడం మొదలుపెట్టాడు. నాకు నిద్ర పట్టలేదు.

ముందు బండిని బాగుచేయించాలనుకున్నాను. మద్రాసు కంపెనీ 1980ల చివరికి కార్ల తయారీ మానివేసింది. విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకోవలసిందే. పాత రబ్బరు గొట్టాలకు ఇథనాల్ కలిపిన నేటి పెట్రోలు పడదు, వాటినీ మార్చాలి. మా వీధి చివర మెకానిక్కు విజయనగరం వైపు వాడు, పనిమంతుడు. ఆయనకు తెలుగూ హిందీ వచ్చు, ఇంగ్లీషు చదవలేడు. నా వృత్తి అనువాదం. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టం పుచ్చుకుని నవలలు, వ్యాసాలు తెలుగు చేస్తూ వచ్చినదాన్ని, మొదటిసారిగా కారు మరమ్మత్తు పుస్తకాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నాను.

నాలుగవ రోజున ఒక వాక్యం దగ్గర కలం ఆగింది. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి అడుగున ట్రనియన్ అనే ఇత్తడి రంగు బిళ్ళ ఒకటి ఉంటుంది. మరలున్న నిలువు కడ్డీ అందులో తిరుగుతుంది. దానికి గేర్ ఆయిల్ పట్టించాలి, గ్రీజు కాదు, అని పుస్తకం చెబుతున్నది. గ్రీజు మర అడుగుదాకా చేరదు. అక్కడ తడి చేరి తుప్పు పడుతుంది. ఒకనాడు కడ్డీ పుటుక్కున తెగి చక్రం పక్కకు మడిచిపోతుంది. నేను గబగబా వెళ్ళి మెకానిక్కును అడిగాను.

"గ్రీజే కొడుతున్నానమ్మా, ఇరవై ఏళ్ళుగా. అన్ని బళ్ళకూ అదే కదా!" అన్నాడు.

విప్పి చూశాము. కుడివైపు కడ్డీ మరలలో ఎర్రటి తుప్పు చేరి, గోటితో గీస్తే పొడిగా రాలింది. మెకానిక్కు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత నా రాత కాగితాన్ని అడిగి తీసుకుని, ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, షెడ్డు గోడకు అంటించాడు. నా అనువాదాలలో ఒక మనిషి ప్రాణానికి ఇంత దగ్గరగా వచ్చిన వాక్యం మరొకటి లేదు.

ఆ సాయంత్రం మా అబ్బాయి మావయ్యతో వాదించాడు. "తాతయ్యా, నువ్వు యాభై ఏళ్ళు నడిపావు. నీకేమీ కాలేదు కదా?"

మావయ్య వెంటనే జవాబివ్వలేదు. కాసేపటికి, "మీ అమ్మమ్మను ఈ కారులో ఊరు దాటించడం ఎవరైనా చూశారా?" అని అడిగాడు.

నిజమే. అత్తయ్యను ఎక్కడికి తీసుకుపోవాలన్నా ఆయన రైలే ఎక్కించేవాడు. "రైల్వే పాసు ఉండగా పెట్రోలు తగలెయ్యడం దేనికి?" అనేవాడు. పిసినారితనమని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

"1984లో కుమ్హారీ దగ్గర ఎదురుగా వచ్చిన లారీవాడు నా బండిని చూడనే లేదు," అన్నాడు మావయ్య. "పొలంలోకి దించి బతికాను. పక్కన మీ అమ్మమ్మ ఉంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక నా చేతులు వణకడం మొదలైంది. ఆ తరువాత నేనొక్కణ్ణే నడుపుకున్నాను. నాకు ఇష్టమైన దానికి నేను తెగించవచ్చు. ఇంకొకరి ప్రాణం పెట్టి తెగించకూడదు."

నలభై ఏళ్ళు దాచిన మాట అది. ఆ కారును పొగిడినప్పుడల్లా ఆయన ఈ సగం చెప్పలేదు. ఆ సగం తెలిసిన తరువాత ఆయన ప్రేమ మీద నాకు గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

కారును అమ్మలేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కాని అప్పుడు ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మత్తుల వంటి పనులకు తప్ప మామూలుగా నడపకూడదు. అందుచేత పాత రిజిస్ట్రేషన్‌నే కొనసాగించుకుంటున్నాము. కొత్త కడ్డీలు వేయించాము. సీటు బెల్టులు బిగించాము. రహదారి ఎక్కకూడదని, వాన కురిస్తే షెడ్డు దాటకూడదని షరతులు పెట్టుకున్నాము. మా అబ్బాయి అయిష్టంగానే ఒప్పుకున్నాడు. అయితే ట్రనియన్‌లకు ఆయిల్ పట్టించే పని తనకే కావాలన్నాడు.

ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున వాళ్ళిద్దరూ కాలనీ వీధులలో ఒక చుట్టు తిరిగివస్తారు. మావయ్యకు రోడ్డు సరిగా కనబడదు. కాని బండి ఎక్కడ తిరుగుతున్నదో, గేరు ఎప్పుడు మార్చాలో కూర్చున్నచోటనే చెబుతాడు. మలుపు వచ్చినప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకే మాట అంటాడట: "నాయనా, కాలు తీయకు. ముందే నెమ్మదించి రా."