కడుపు ఆకలి, మనసు ఆకలి

రమజాన్ మాసంలో సహరీ ముగించింది మొదలు సూర్యాస్తమయం వరకు పదమూడు, పద్నాలుగు గంటలపాటు మంచినీటి చుక్కయినా ముట్టకుండా తన పనులన్నీ చక్కబెట్టుకునే మనిషి, షవ్వాల్ నెల ప్రవేశించిన నాలుగో రోజున హోటలు ముందు సమోసాలు వేగుతున్న వాసన తగలగానే అడుగు ముందుకు వేయలేకపోతాడు. మనిషి అతడే, కడుపూ అదే. పైగా ఇంట్లో అల్పాహారం చేసి వచ్చి రెండు గంటలైనా గడిచి ఉండదు. ఉపవాస దినాన అంతగా బాధించని ఆకలి నిండు కడుపున ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

మేము దాదాపు ముప్పై సంవత్సరాలుగా మదరసాలో ధర్మశాస్త్రం బోధిస్తున్నాము. ఏది ఉపవాసాన్ని భంగపరుస్తుంది, ఏది భంగపరచదు అని విద్యార్థులు అడిగే ప్రశ్నలకు అంతులేదు. ఆకలి అంటే ఏమిటని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగినవారు కర్నూలులోని ఒక డాక్టరు గారు. ఆయన మా బరువు తూచి 94 కిలోలని చెప్పారు. ఎత్తును, బరువును కలిపి కట్టే లెక్కలో మా అంకె 33 దాటిందని, మన దేశీయుల విషయంలో అది 23 దాటితేనే అధిక బరువుగాను, 25 దాటితే స్థూలకాయంగాను పరిగణిస్తారని వివరించారు. ఏడెనిమిది కిలోలు తగ్గినా రక్తంలో చక్కెరకు మేలు జరుగుతుందన్నారు. మేము లేవబోతుండగా, "మౌలానా గారూ, మీరు తినేది ఆకలి వేసినప్పుడేనా?" అని ప్రశ్నించారు. సమాధానం తర్వాత చెబుతామని వచ్చేశాము.

కడుపు ఆకలి సంగతి కొంతవరకు తేటతెల్లమే. జీర్ణాశయం నుండి వెలువడి మెదడుకు ఆకలి కబురు చేరవేసే ఒక హార్మోనును 1999లో కొజిమా, కంగావా అనే జపాను శాస్త్రవేత్తలు, వారి బృందం కనుగొన్నారు. దానికి గ్రెలిన్ అని పేరు పెట్టారు. మనకు అలవాటైన భోజన వేళకు ముందు అది రక్తంలో పెరుగుతుంది, తిన్న తర్వాత తగ్గుతుంది. కనుక కడుపు ఆకలి వేళ చూసుకుని వచ్చే అతిథి వంటిది. మెల్లగా వస్తుంది, కొంతసేపు వేచి ఉంటుంది, ఏది వడ్డించినా సంతృప్తి చెంది లేచిపోతుంది. మనసు ఆకలి తీరు వేరు. అది ఉన్నట్టుండి వచ్చిపడుతుంది. వస్తూనే ఫలానా పదార్థమే కావాలని పేరు పెట్టి అడుగుతుంది. కడుపు నిండినా కదలదు.

ఈ భేదాన్ని మన పెద్దలు ఎన్నడో గుర్తించారు. హిజ్రీ 505లో, అంటే 1111లో, పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యాఉ ఉలూమిద్దీన్'లో ఉదరవాంఛ, కామవాంఛల నిగ్రహం కోసం ఒక భాగాన్ని ప్రత్యేకించారు. నిజమైన ఆకలికి అక్కడ ఆయన తెలిపిన గుర్తులలో ఒకటి, మనిషి కూర ఏదీ లేకుండా ఉత్త రొట్టెను, అది ఎటువంటి రొట్టె అయినా సరే, ఇష్టంగా తినగలగడం. ఫలానా రొట్టె అయితేనే తింటాను, నంజుకోవడానికి ఏదైనా ఉండాలి అని మనసు షరతులు పెడితే అది నిజమైన ఆకలి కాదని ఆయన నిర్ణయం. మా రాయలసీమలో ఈ పరీక్ష బహు సులభం, ఇక్కడ జొన్నరొట్టెకు కరవు లేదు. రాత్రి పది గంటలకు చేయి ఉస్మానియా బిస్కెట్ల డబ్బా వైపు సాగినప్పుడు, 'ఉత్త జొన్నరొట్టె ఇస్తే తింటావా?' అని మమ్మల్ని మేమే ప్రశ్నించుకుంటున్నాము. తింటానని సమాధానం వస్తే నిస్సంకోచంగా తింటాము. చాలా రాత్రులు సమాధానమే రాదు.

మరి అటువంటి రాత్రి ఆ చేతికి కావలసినది ఏమిటి? ఈ విషయంలో మాకు పాఠం చెప్పినది ఒక చిన్న పిల్లవాడు. మదరసాలలో కొత్త విద్యా సంవత్సరం షవ్వాల్‌లో ఆరంభమవుతుంది. తొమ్మిది పదేళ్ళ పిల్లలు మొదటిసారి తల్లిని విడిచి వసతిగృహానికి వస్తారు. కొందరు మొదటి వారం రోజులు ముద్ద మింగరు. కొందరు దీనికి పూర్తిగా విరుద్ధం, ఎంత పెట్టినా ఇంకా కావాలంటారు. అలాంటి ఒక పిల్లవాడు రాత్రి భోజనంలో మూడుసార్లు వడ్డించుకున్నాక కూడా, దుప్పటి కప్పుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న చెక్కలు తింటూ కనిపించాడు. నెల రోజులకు సరిపడే డబ్బా రెండు రోజులలో అడుగంటింది. "హజ్రత్, వీడిది కడుపు కాదు, బావి" అని వంటమనిషి మాతో మొరపెట్టుకున్నాడు. మేము పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆకలిగా ఉందా బేటా?" అని అడిగాము. లేదన్నట్టు తల ఊపాడు. "మరి ఎందుకు తింటున్నావు?" అంటే, డబ్బా వైపు చూసి, "ఇవి అమ్మీ చేసింది" అన్నాడు. వారానికి ఒకసారి ఉన్న ఫోను అతనికి కొంతకాలం మూడుసార్లు చేయించాము. నెల తిరిగేసరికి వంటమనిషి ఫిర్యాదు ఆగిపోయింది.

రాత్రి పది గంటల వేళ మా ఇంటిలోనూ ఒక వెలితి ఉంది. మా చిన్నమ్మాయి వివాహమై దమ్మామ్ వెళ్ళింది. ఆమె ఉన్నప్పుడు ఆ వేళకు చాయ్ తెచ్చి మా పక్కన కూర్చుని, ఆ రోజు కాలేజీ కబుర్లన్నీ చెప్పేది. ఇప్పుడు ఆ వేళ మిగిలింది గాని కబుర్లు లేవు. డాక్టరు గారి ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికింది.

అయితే ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం మా ఆపా. ఆమె నంద్యాలలో కుమారుని ఇంట ఉంటారు, వయస్సు అరవై రెండు, చక్కెర వ్యాధి ఉంది. మూడేళ్ళ క్రితం బావగారు మరణించారు. మూతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులైనప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో మునిగి ఉన్నారు గనుక వారి కోసం భోజనం సిద్ధపరచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ సంప్రదాయం ప్రకారం మా బంధువులు కూడా మూడు రోజులు ఆ ఇంట పొయ్యి వెలిగించనివ్వలేదు. నాలుగో రోజున ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళిపోయారు. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఆపా ఒంటరిగానే గడిపారు. ఆమె బరువు పెరగడం అప్పుడే మొదలైంది. ఆ తర్వాత ఆగలేదు.

రక్తపరీక్షల కాగితాలు చూసి కోడలు భయపడింది. ఆ అమ్మాయికి అత్తగారంటే ప్రేమ తక్కువ కాదు. చక్కెర, మిఠాయిలు అల్మారాలో పెట్టి తాళం వేసింది. రోగి పెందలకడనే తినాలని ఎవరో చెబితే, ఏడు గంటలకే ఆపాకు వేరుగా భోజనం పెట్టేది. ఒకనాడు దస్తర్‌ఖాన్ మీద నలుగురు అతిథుల ఎదుట కుమారుడు, "అమ్మీ, ఇంకా ఎంత తింటారు?" అన్నాడు. ఆమె చేయి కడుక్కుని లేచారు. కొన్నాళ్ళకు ఆమె తలగడ కింద కాగితంలో చుట్టిన బెల్లం ముక్కలు మనుమరాలికి దొరికాయి. ఇల్లంతా నవ్వుకున్నారట. మాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళు ఆ ఇంట దస్తర్‌ఖాన్ పరిచి, ఎందరి కడుపులో నింపిన స్త్రీ బెల్లం ముక్కను దొంగసొత్తులా దాచుకోవలసి రావడంలో నవ్వవలసినది ఏముంది? తాళం వల్ల తిండి తగ్గలేదు, కేవలం దస్తర్‌ఖాన్ నుంచి తలగడ కిందికి మారింది. సిగ్గుపడి తిన్నది కంటికి ఆనదు, కనుక దానికి లెక్క కూడా ఉండదు.

మేము నంద్యాల వెళ్ళినప్పుడు ఆమెను ఒంటరిగా అడిగాము: "ఆపా, మీకు ఎక్కువగా ఏ వేళప్పుడు తినాలనిపిస్తుంది?"

"ఇషా అయ్యాక, తమ్ముడూ. మీ బావగారు ఆ వేళకే దుకాణం కట్టేసి వచ్చేవారు. ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఇప్పుడు ఆ వేళయితే చేతులు ఊరుకోవు."

హజ్రత్ ఆయిషా (రజి) గారి ఇంటి ఆచారం ఒకటి బుఖారీ గ్రంథంలో నమోదై ఉంది. బంధువులలో ఎవరైనా మరణించినప్పుడు, పరామర్శకు వచ్చిన స్త్రీలు వెళ్ళిపోయి అయినవారు మాత్రమే మిగిలాక, ఆమె తల్బీనా వండించేవారు. అది పిండితో చేసే జావ. రోగి హృదయానికి అది ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె తెలిపేవారు. ఈ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాము. నంద్యాల నుంచి తిరిగి వస్తూ బస్సులో దాని వివరాలను మళ్ళీ తలచుకున్నాము. ఆహారంతో మనసు ఊరట పొందడం అక్కడ తప్పుగా ఎంచబడలేదు. కాని జావ వండినది జనం వెళ్ళిపోయాక, తిన్నది మిగిలినవారంతా కలిసి. మా ఆపాకు జనం వెళ్ళిపోయాక మిగిలినది గది మాత్రమే.

మేనల్లునితో, కోడలితో మాట్లాడాము. వారు విన్నారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. అల్మారా తాళం తీశారు. డాక్టరును సంప్రదించి, మందుల వేళను తదనుగుణంగా సరిచేసుకుని, ఆపా రాత్రి భోజనం ఇషా తర్వాత అందరితో కలిసేలా మార్చారు. భోజనానంతరం మనుమరాలు ఆమె పక్కన కూర్చుని అరగంటసేపు బడి పాఠాలు వల్లె వేస్తుంది. ఏడాదిలో ఆమె నాలుగు కిలోలు తగ్గారు. బెల్లం పూర్తిగా మానారని మేము చెప్పము, ఆమె కూడా చెప్పరు.

ఇక కడుపు ఆకలినే శత్రువుగా భావించి పస్తులుండే సోదర సోదరీమణులకు ఒక మాట. వివాహం నెల రోజులుందనగా అన్నం మానేసే అమ్మాయిలను మా శ్రీమతి ద్వారా వింటున్నాము. అమెరికాలోని మిన్నెసోటాలో 1944–45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలలపాటు అర్ధాహారం ఇచ్చి పరిశీలించాడు. వారి బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. అంతకుమించి, వారికి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవారు. తిరిగి కావలసినంత ఆహారం లభించాక కూడా అనేకులకు ఎంత తిన్నా తృప్తి కలగలేదు. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోను దీనికి ఒక కారణాన్ని చూపుతుంది. అది శరీరంలోని కొవ్వు నుండి పుడుతుంది. కొవ్వు తగ్గితే అదీ తగ్గుతుంది, అప్పుడు మెదడు ఆకలిని పెంచుతుంది. బరువు తగ్గినవారికి మునుపటికంటే ఎక్కువ ఆకలి వేయడం శరీర ధర్మమే గాని విశ్వాస లోపం కాదు. ఆకలి బాధ నుండి ప్రవక్త (స) స్వయంగా అల్లాహ్ శరణు వేడుకున్నారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఆహారం తగ్గించుకునే పద్ధతిలోనూ ఇమామ్ గజాలీ (రహ్మ) తొందరపడనివ్వరు. రోజుకు రెండు రొట్టెలు తినే వ్యక్తి ఒక రొట్టెకు రాదలచుకుంటే, దినానికి రొట్టెలో ఇరవై ఎనిమిదో వంతో, ముప్పయ్యో వంతో తగ్గిస్తూ ఒక మాసంలో అక్కడికి చేరాలని ఆయన లెక్క కట్టి మరీ చెప్పారు. కడుపు బరువూ తెలియకుండా, ఆకలి నొప్పీ తెలియకుండా తినడమే సమస్థితి అన్నారు. మేము అన్నం విషయంలో ఈ లెక్కనే అనుసరించాము, రెండు రోజులకు ఒక చెంచా చొప్పున. ఆ స్థానంలో పప్పు, ఆకుకూర, గుడ్డు చేరాయి. ఏ పూటా భోజనం మానలేదు, మధ్యాహ్నం మానిన భోజనం రాత్రికి వడ్డీతో సహా వసూలవుతుంది కదా! పది నెలలలో 94 నుంచి 87కు వచ్చాము. అక్కడ ముల్లు రెండు నెలలుగా కదలడం లేదు. దానితో మేము పోట్లాడడం లేదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి హఠాత్తుగా ఆకలి వేసి, చెమటలు పట్టి, చేతులు వణికితే, అది మనసు ఆకలా, కడుపు ఆకలా అని విచారిస్తూ కూర్చోరాదు. రక్తంలో చక్కెర పడిపోతున్నదన్న సూచన అది. వెంటనే చక్కెర నీళ్ళు త్రాగాలి, తర్వాత డాక్టరుకు తెలపాలి. అటువంటివారు ఐచ్ఛిక ఉపవాసాలతో బరువు తగ్గాలనుకుంటే ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

మొన్న ఈదుల్ ఫిత్ర్ ముందు రాత్రి ఆపా ఫోను చేశారు. "తమ్ముడూ, రేపు షీర్ ఖుర్మా తినవచ్చా?" అన్నారు. డాక్టరు గారు చిన్న గిన్నెడుకు అభ్యంతరం లేదన్నారు గనుక, అందరి మధ్య కూర్చుని తినండని చెప్పాము. మరునాడు కోడలు తన చేతులతో వడ్డించిందట. ఆపా సగం తిని, తక్కినది మనుమరాలి గిన్నెలో పోసి, ఈసారి పాలు కొంచెం అడుగంటాయని కోడలికి చెప్పారట.