ఈస్టర్ ఆదివారం మనకి డ్యూటీ రోజే

మన గ్రూపులో అన్ని మతాల వాళ్ళూ ఉన్నారు కదా, ఈస్టర్ గురించి అనగానే పక్కన పెట్టేయకండి. ఇందులో అమ్మల గురించి, చావు గురించి, డ్యూటీల గురించి కూడా ఉంది.

ఇండియాలో ఈస్టర్ ఆదివారం వస్తుంది, ఆదివారం ఎలాగూ సెలవే, కాబట్టి ఎవరూ ఆ సంగతే ఆలోచించరు. ఇక్కడ కువైట్‌లో సెలవులు శుక్రవారం, శనివారం. 2007కి ముందు గురువారం, శుక్రవారం ఉండేవి. ఏదైనా గానీ ఆదివారం మాత్రం పనిదినమే. దాంతో గుడ్ ఫ్రైడే మనకి నిండుగా దొరుకుతుంది. మూడు గంటలు కూర్చుని ఏడు మాటలూ వింటాం, ఏడుస్తాం, తాపీగా ఇంటికెళ్తాం. ఈస్టర్ ఆరాధన మాత్రం తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టి ఐదింటికల్లా ముగించేయాలి. ఏడింటికి వార్డులో ఉండాలి మరి. సిలువ మూడు గంటలు, పునరుత్థానం దొరికినంత!

కొత్తగా వచ్చిన అమ్మాయిలు "ఈస్టర్ రోజు కూడా డ్యూటీనా అక్కా?" అని దిగులు పడతారు. వాళ్ళకి నేను ఒకటే చెప్తాను. బైబిల్లో కూడా అది డ్యూటీ రోజే. మన తెలుగు బైబిల్లో "ఆదివారము" అని రాశారు గనుక మన కళ్ళకి సెలవు రోజు కనిపిస్తుంది. మూల భాషలో ఉన్నది వారంలో మొదటి రోజు అని. యూదులకి శనివారం విశ్రాంతిదినం, అది దాటితే మళ్ళీ పనులే. ఇక్కడ అరబ్బీలో కూడా ఆదివారాన్ని అల్ అహద్ అంటారు, ఒకటో రోజు అని. సువార్తలో ఆ ఉదయం సంగతి కువైట్‌లో కూర్చుని చదివితేనే సరిగ్గా అర్థమవుతుందని నాకనిపిస్తుంది.

ఆ శుక్రవారం సాయంత్రం యేసును హడావిడిగా సమాధి చేశారు. పొద్దుగుంకితే విశ్రాంతిదినం మొదలైపోతుంది, ఇక ఏ పనీ ముట్టుకోకూడదు. మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే ఆ ఒక్క రోజూ ఓపిక పట్టారు. అది గడవగానే సుగంధ ద్రవ్యాలు కొని, ఆదివారం పెందలాడే బయలుదేరారు. లేచాడేమో చూద్దామని వెళ్ళలేదండీ వాళ్ళు. ఆ ఆలోచనే లేదు. శవానికి చేయాల్సినవి మిగిలిపోయాయి, అవి చేద్దామని వెళ్ళారు. దారిలో వాళ్ళ బెంగ ఏంటంటే, సమాధి మీద రాయి ఎవరు దొర్లిస్తారా అని. అంతటి దుఃఖంలోనూ పని ఎలా అవుతుందా అన్న బెంగే. ఎవరైనా ఆడవాళ్ళు చదివితే నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

నేను నర్సుని. పేషెంట్ పోయాక ఏం చేస్తామో బయటి వాళ్ళకి తెలియదు. ట్యూబులు, సూదులు ఒక్కొక్కటీ తీస్తాం. ఒళ్ళు తుడుస్తాం. కళ్ళు మూస్తాం, దవడ జారకుండా చూస్తాం, చేతులు కాళ్ళు బిగుసుకోకముందే తిన్నగా సర్దుతాం. చేసేటప్పుడు మాట్లాడతాం కూడా. "కొంచెం ఇటు తిరగండమ్మా, అయిపోయింది" అని. వినపడదని తెలుసు. అయినా అంటాం. పునరుత్థానం కబురు మొట్టమొదట వచ్చింది ఈ పని చేయడానికి వెళ్ళిన వాళ్ళ దగ్గరికి. మేడగదిలో తలుపులు వేసుకున్న వాళ్ళకి తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నమ్మలేదు, ఆడవాళ్ళు వెర్రిమాటలు చెబుతున్నారనుకున్నారు. పౌలుగారు మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయంలో లేచిన ప్రభువును చూసినవాళ్ళ లిస్టు ఇస్తారు చూడండి. కేఫా ఉన్నాడు, పన్నెండుమంది ఉన్నారు, ఐదు వందల మందికి పైగా ఉన్నారు, యాకోబు ఉన్నాడు. మగ్దలేనే మరియ పేరు లేదు! పని చేసేది ఒకళ్ళు, ఫైల్లో సంతకం ఇంకొకళ్ళది. మనకేం కొత్త కాదులెండి.

ఇక్కడే నాకు ఒక మాట మీద పేచీ ఉంది. మన ఊళ్ళల్లో సమాధి దగ్గర చాలామంది అంటారు, ఆత్మ దేవుని దగ్గరికి వెళ్ళిపోయింది, ఇక్కడున్నది ఉత్త మట్టేనని. ఓదార్చడానికే అంటారు, కాదనను. కానీ వారం వారం విశ్వాసప్రమాణంలో మనం చెప్పేది శరీర పునరుత్థానం నమ్ముతున్నామని. ఆ ఉదయం జరిగింది ఆత్మ ఎగిరిపోవడం అయితే సమాధి ఖాళీ అవ్వాల్సిన పని లేదు. ఆ ఒళ్ళే లేచింది. మేకుల గాయాలతో సహా లేచింది. తోమాకి చూపించింది ఆ గాయాలే. తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వాళ్ళ ముందే తిన్నాడు. నేను తుడిచే ఒళ్ళు దేవుడికి ఉత్త మట్టి కాదు. ఆ నమ్మకం లేకపోతే ఈ ఉద్యోగం నేను ఇన్నేళ్ళు చేయగలిగేదాన్ని కాదేమో.

మా అమ్మ పోయి రెండేళ్ళయింది. గురువారం రాత్రి పోయింది. నడివేసవి. మా ఊరికి ఐస్ బాక్సు దొరకలేదు, శుక్రవారం పొద్దుగుంకే లోపు చేసేయాలన్నారు పెద్దవాళ్ళు. నాకు దొరికిన టికెట్ శనివారం దింపుతుంది. కాబట్టి ఫోన్లో చూశాను. మా చెల్లి అమ్మకి తల దువ్వడం చూశాను. పాపిడి తిన్నగా రాలేదు, మళ్ళీ తీసింది. అంతలో సిగ్నల్ పోయింది. ఎంతోమందికి ఈ చేతులతో చేసిన పని మా అమ్మకి నా చెల్లి చేసింది. దానికి నేను చాలా రోజులు నిద్రపోలేదు.

అప్పుడు నాకొచ్చిన మెసేజీలు చాలావరకు ఒక్కలాగే ఉన్నాయి. ఏడవకండి సిస్టర్, మనం నిరీక్షణ గలవాళ్ళం అని. మంచి మనసుతోనే పంపారు. కానీ అక్కా, ఈ మాట ఎవరికైనా పంపే ముందు ఒకసారి చదువుకోండి. పౌలు థెస్సలొనీకయులకి రాసింది, నిరీక్షణ లేని వాళ్ళలాగా దుఃఖపడొద్దని. అసలు దుఃఖమే వద్దని కాదు. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతూ కూడా ఏడ్చాడు. ఈస్టర్ ఉదయం మగ్దలేనే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తుంటే, ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడే గానీ నోరు మూసుకో అనలేదు. ఆవిడ ఆయన్ని తోటమాలి అనుకుంది. ప్రసంగం చేయలేదు ఆవిడకి. పేరు పెట్టి పిలిచాడు, అంతే. అప్పుడు గుర్తుపట్టింది.

అమ్మ పోయాక వచ్చిన మొదటి ఈస్టర్‌కి మా చెల్లి వీడియో కాల్ చేసింది. అక్కడ నాలుగున్నర, ఇక్కడ రెండు. మన వైపు సమాధుల దగ్గరికి వెళ్ళడం మీకు తెలుసుగా. ముందు రోజే పిచ్చిమొక్కలు పీకి వెల్ల వేయించి ఉంచింది. బంతిపూలు, కొవ్వొత్తులు. గాలికి ఆరిపోతుంటే మా మేనల్లుడు చేతులు అడ్డం పెట్టి కూర్చున్నాడు. పాటలు పాడుకుంటూ ఊళ్ళో వాళ్ళంతా వస్తున్నారు. చీకటి పూర్తిగా పోలేదు. అమ్మ అక్కడే ఉంది, ఏమీ మారలేదు. అయినా శ్మశానంలో పండుగ చేసుకుంటున్నాం. ఇంతకన్నా మొండి నమ్మకం ఇంకేముంటుంది చెప్పండి?

పునరుత్థానం అనే మాట మా అమ్మకి నోరు తిరిగేది కాదు. "ప్రభువు లేచాడు" అనేది. పొద్దున్నే నిద్ర లేచినట్టే. ఇక్కడి అరబ్బు క్రైస్తవులు కూడా ఖామ్ అంటారు, లేచాడని. అదే మాట ఆడమనిషితో అంటే ఖూమీ, కువైటీల నోట్లో గూమీ. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకి ఈ మాట నేను చెప్పక్కర్లేదు, నాలుగింటికి పడుకున్నా ఐదింటికి చెవిలో పడుతుంది. యేసు మాట్లాడిన అరామిక్ భాష అరబ్బీకి చుట్టం. యాయీరు కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, చనిపోయి పడుకుని ఉంటే ఆయన చెయ్యి పట్టుకుని అన్న మాట మన బైబిల్లో అలాగే ఉంచారు, తలీతాకుమీ అని. ఆ కుమీ ఈ గూమీయే. చిన్నదానా, లే. లేపిన వెంటనే పిల్లకి తినడానికేమైనా పెట్టండన్నాడట. విసుగ్గా మనల్ని లేపే మాటా, చచ్చిన పిల్లని లేపిన మాటా ఒకటేనని తెలిసిన రోజు నేను వార్డులో చాలాసేపు అదే అనుకుంటూ తిరిగాను.

లేచాక ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. శిష్యులు ఏడుగురు రాత్రంతా వలలు వేసినా ఒక్క చేపా పడలేదు. వాళ్ళు ఒడ్డుకొచ్చేసరికి ఆయన బొగ్గుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టుకుని కూర్చున్నాడు. రండి, తినండని పిలిచాడు. మరణాన్ని గెలిచినాయన నైట్ డ్యూటీ చేసొచ్చిన వాళ్ళకి టిఫిన్ వండాడండీ!

ఈసారి కూడా మా ప్రార్థన మూడింటికే. ప్రసంగం అయ్యాక ఐదు నిమిషాలు పాస్టరమ్మగారిని అడిగి తీసుకున్నాను. ఈ ఏడాది మనలో ఎవరెవరి అమ్మ, నాన్న, అత్తగారు, తోబుట్టువులు పోయి, మీరు వెళ్ళలేకపోయారో, వాళ్ళ పేర్లు అక్కడ చదువుతాను. మీకు ఇష్టమైతేనే, ఏ మతమైనా సరే. శనివారం రాత్రి పదింటిలోపు నాకు పేరూ ఊరూ పంపండి. వాయిస్ మెసేజైనా పర్లేదు. ఇంట్లో పిలుచుకునే పేరే పంపండి. మా అమ్మకి రేషన్ కార్డులో ఒక పేరు, ఊళ్ళో ఒక పేరు. నేను ఊళ్ళో పేరే చదువుతాను.