పది సెకన్ల కాగితం

నా గుండెకు ఏ రోగమూ లేదని చెప్పే కాగితాలు ఒక కవరు నిండా పోగయ్యాక నిజామాబాద్‌లో ముంబై పోయే దేవగిరి రైలు ఎక్కాను. మాది ఆర్మూర్ దగ్గర పల్లె. నేను ప్రైవేటు బడిలో టీచర్‌ని. బోర్డు మీద రాస్తున్నప్పుడో, కింద పడ్డ చాక్‌పీసు కోసం వంగినప్పుడో గుండె ఒక్కసారి తటాలున ఎగిరి, ఇక ఆగకుండా పరుగందుకునేది. ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి, చల్లబడే చేతులు, కళ్ల ముందు మసక. కాసేపటికి, ఎలా మొదలైందో అలాగే ఒక్క క్షణంలో ఆగిపోయేది. ఆటోలో ఆర్మూర్ చేరేసరికి నాడి మామూలే, ఈసీజీ మామూలే. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు. ఇంకొకరు నా భర్త దుబాయ్‌లో ఉన్నాడని వినగానే "టెన్షన్ పెట్టుకోకమ్మా" అని నిద్రమాత్ర రాశారు. మొగుడు దూరదేశంలో ఉన్న ఆడదాని నొప్పికి ముందే సిద్ధంగా ఉన్న జవాబు అది. ఆ జవాబు విన్నాక ఇంకేమీ చెప్పబుద్ధి కాదు.

చిన్నమ్మ ఫోన్లో గట్టిగానే చెప్పింది. "ఏం కాలేదంటే గట్లెట్ల ఊకుంటవ్ బిడ్డా? పెద్ద దవాఖాన మా ఇంటికి నడిచేంత దూరంల ఉన్నది. వచ్చి నా దగ్గరుండు."

చిన్నమ్మ ఇల్లు కామాటిపురాలో. ఆ పేరు చెబితే మా ఊళ్లో మొహాలు మారతాయి. ఆమె పెళ్లి సంబంధానికి అమ్మమ్మ కూడా మొదట వెనకాడిందట. కానీ ఆ పేట పేరు మనవాళ్ల వల్ల వచ్చిందే. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి బొంబాయికి ఇళ్లు, రోడ్లు కట్టే పనికి పోయినవాళ్లను కామాటీలన్నారు. వాళ్లు కాపురం పెట్టిన చోటు కామాటిపురా అయింది. వాళ్లలో పైకొచ్చిన కాంట్రాక్టర్లు కొందరు జోతీరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు అలాంటివాడే. బ్రిటిష్ కాలంలో అక్కడ పెరిగిన వేశ్యావాటిక మాత్రం లోకానికి తెలిసింది, పేటను కట్టిన చేతులు తెలియలేదు. నెంబర్లతో పిలిచే ఆ గల్లీల్లో ఇప్పటికీ బతుకమ్మ ఆడతారు. పక్క ఖోలీలో పోపు వేస్తే ఈ ఖోలీలో దగ్గు వస్తుంది.

ఒక్కటే గది, పైన అటక, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. నేను వచ్చిన కారణం సాయంత్రానికల్లా అంతస్తంతా తెలిసింది. దిష్టి తీస్తానని ఒక ముసలామె వచ్చింది, తీయించుకున్నాను. ఎదురింటి ఆమె తన కూతురి సంగతి చెప్పింది. పిల్లకు చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, తరువాత కీళ్ల వాపు వచ్చాయట. కొన్నేళ్లకు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. రుమాటిక్ జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీసిందని అప్పుడు తేలింది. ఇప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ క్రిమితో మొదలయ్యే జబ్బు ఇది. ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే ఇళ్లలో ఆ క్రిమి తేలిగ్గా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. "నీకు కూడా కవాటమే కావచ్చు, ఎకో తీయించు" అంది ఆమె. చిన్నమ్మ తరువాత నా రోగం గురించి నన్ను నమ్మి మాట్లాడిన మనిషి ఆమే.

బెల్లాసిస్ రోడ్డు దాటి కాస్త నడిస్తే నాయర్ ఆసుపత్రి. దాన్ని ఆనుకున్న వైద్య కళాశాల 1921లో, సహాయ నిరాకరణ రోజుల్లో, దేశీయుల పూనికతో పుట్టింది. డాక్టర్ ఎ.ఎల్. నాయర్ తన తల్లి పేరు మీద ఆసుపత్రి నిలబెట్టారు. పొద్దున్నే కేస్‌పేపర్ లైన్లో నిలబడ్డాం. లోపల చిన్న వయసు రెసిడెంట్ డాక్టరమ్మ. నేను తెలుగులో చెబుతుంటే చిన్నమ్మ మరాఠీలో అందించింది.

నా కవరు తెరవకముందే ఆమె అడిగిన ప్రశ్నలు నాకింకా వరసగా గుర్తున్నాయి. మెల్లగా పెరుగుతుందా, స్విచ్ వేసినట్టు మొదలవుతుందా? ఆగేటప్పుడు కూడా అంతేనా? దడ ఒకే తీరుగా ఉంటుందా, తడబడుతూ ఉంటుందా? గొంతు దగ్గర కూడా కొట్టుకుంటుందా? ఆగాక మూత్రం ఎక్కువగా వస్తుందా? చివరి రెండు ప్రశ్నలకు నేను ఉలిక్కిపడ్డాను. ఎవరికీ చెప్పని సంగతులవి, రోగానికి సంబంధం ఉందనుకోనివి. రెండింటికీ అవునన్నాను.

రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడదడలాడుతుంది కాబట్టి ముందు రక్తం తీశారు. రెండూ బాగానే ఉన్నాయి. ఎకోలో కవాటాలు బాగున్నాయి. ఒక పగలూ రాత్రీ ఛాతీకి తీగలు అంటించుకుని హోల్టర్ యంత్రంతో తిరిగాను. దానికీ ఏమీ దొరకలేదు. మళ్లీ అదే మాట వినాల్సి వస్తుందని నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ ఈసీజీ కాగితం నా ముందు పరిచింది. ఇందులో ఉన్నది పది సెకన్లు మాత్రమే, ఆ పది సెకన్లలో గుండె బాగుందని మాత్రమే దీని అర్థం అంది. ఈసారి వస్తే ఓపీడీ లైన్లో నిలబడొద్దు, తగ్గేదాకా చూడొద్దు, సూటిగా క్యాజువాలిటీకి రమ్మంది.

వచ్చింది. తెల్లవారుజామున నల్లా వదిలే వేళ. చాళ్‌లో ఆ గంట ఎవరికీ తీరిక ఉండదు, రోజంతటి నీళ్లూ అప్పుడే పట్టుకోవాలి. బిందె ఎత్తబోయి వంగాను, గుండె ఎగిరింది. చిన్నమ్మ తన బిందె వదిలేసి కేక పెట్టింది. ఎదురింటి ఆమె కొడుకు గల్లీ చివరికి పరుగెత్తి టాక్సీ ఆపాడు. కొయ్యమెట్ల మీద నన్ను ఇద్దరు పట్టుకుని దించారు. ఎవరూ "నీళ్లు తాగు, తగ్గుతది" అనలేదు. క్యాజువాలిటీలో ఛాతీకి తీగలు అంటించేసరికి గుండె ఇంకా కుట్టుమిషన్‌లా ఆడుతూనే ఉంది. కాగితం మీద గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వచ్చాయి. నిమిషానికి 190.

ఒక ఖాళీ సిరంజి నా నోటికిచ్చి, లోపలి కాడ కదిలేలా 15 సెకన్లు ఊదమన్నారు. ఊదడం అవగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకున్నారు. ఒక్క దెబ్బ కొట్టి గుండె దారిలో పడింది. 2015లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక పరిశోధనలో ఊరికే కూర్చుని ఊదినవాళ్లలో నూటికి 17 మందికి దడ తగ్గితే, ఇలా కాళ్లెత్తినప్పుడు 43 మందికి తగ్గిందట. సూది మందు అవసరం పడలేదు.

జబ్బు పేరు ఎస్‌వీటీ, అందులోనూ ఏవీఎన్‌ఆర్‌టీ అనే రకం అయ్యుంటుందన్నారు. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు పోయే కూడలిలో నాకు రెండు దారులున్నాయి. ఒక అదనపు దెబ్బ పడ్డప్పుడు కరెంటు ఒక దారిన దిగి రెండో దారిన వెనక్కెక్కి అక్కడే చక్కర్లు కొడుతుంది. పైగదులూ కిందిగదులూ ఒకేసారి ముడుచుకోవడంతో రక్తం మెడ సిరల్లోకి ఎగదన్నుతుంది, గొంతు దగ్గర కొట్టుకునేది అందుకే. ఇది మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. సాధారణంగా ప్రాణం తీయదు, కానీ బతుకంతా భయంలో ఉంచుతుంది.

ఆ తరువాత ఒక లెక్క చదివి చాలాసేపు కదల్లేకపోయాను. 1997లో అమెరికాలో అచ్చయిన అధ్యయనం అది. ఎస్‌వీటీ ఉన్న 107 మందిని చూస్తే సగానికి పైగా మందిలో మొదటి వైద్యుడు దాన్ని పట్టుకోలేదు. అలా పట్టుకోలేకపోయిన కేసుల్లో దడను భయం, ఆందోళన ఖాతాలో వేయడం మగవాళ్ల విషయంలో 32 శాతమైతే ఆడవాళ్ల విషయంలో 65 శాతం. ఆర్మూర్‌లో నాకు జరిగింది నాకొక్కదానికే జరగలేదు.

మా ఊళ్లో ఈ గుండె ఎప్పటికీ దొరికేది కాదేమో. అక్కడ జబ్బుకూ యంత్రానికీ మధ్య ఒక ఆటో ప్రయాణం ఉంది, ఆ దారిలోనే సాక్ష్యం చెరిగిపోయేది. కామాటిపురాలో ఆ దూరం లేదు. ఇరుకు గోడల వెనక చిన్నమ్మ కేక విన్నవాళ్లున్నారు. పాత మేడలు కూల్చి కొత్తవి కట్టే పథకం గురించి అక్కడ అందరూ మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు మంచి ఇళ్లు రావాలి, ఆ పొరుగు చెదరకుండా రావాలి.

ఇప్పటికి మాత్రలు వాడుతున్నాను. తొడ సిర గుండా సన్నని తీగ పంపి ఆ అదనపు దారిని వేడితో మాడ్చే అబ్లేషన్ చేయించుకోవాలని నిశ్చయించుకున్నాం. నూటికి 95 మందికి పైగా అది శాశ్వతంగా నయం చేస్తుంది. కూడలే దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం నూటికి ఒకరికి లేదా అంతకన్నా తక్కువ. ఆయన దుబాయ్ నుంచి సెలవు మీద వస్తారు.

ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. గుండె ఉన్నట్టుండి పరుగెత్తి ఉన్నట్టుండి ఆగుతుంటే ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, అప్పుడేం చేస్తున్నారు అన్నది రాసి పెట్టుకోండి. దడ ఉండగానే, దగ్గర్లో ఎక్కడ ఈసీజీ తీస్తే అక్కడికి వెళ్లి తీయించి ఆ కాగితం దాచుకోండి. చెమటలు పట్టి ఛాతీ నొప్పి వచ్చినా, నొప్పి చేతికీ దవడకూ పాకినా, స్పృహ తప్పినా ఇవేవీ రాస్తూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.