ఆపరేషన్‌కి ముందు గంట, తర్వాత పది రోజులు

ఎముకల ఆపరేషన్ అనగానే మనవాళ్ళు డాక్టర్‌ని అడిగేవి మూడే ప్రశ్నలు. ఎంతవుతుంది, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా, ఎన్ని రోజులకి నడుస్తారు. నాలుగోది ఎవ్వరూ అడగరు: ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్ ఎప్పుడిస్తారు, ఎప్పుడు ఆపేస్తారు?

తిరుమలగిరిలో ఉండే మా పెద్దమ్మకి ఈ మధ్య మోకాలి కీలు మార్చారు. ఇంటికొచ్చేటప్పుడు మందుల సంచిలో పది రోజులకి యాంటీబయాటిక్ గోలీలు. గాయం శుభ్రంగా ఉంది, జ్వరం లేదు. ఎందుకివి అని ఆసుపత్రిలో అడిగితే "సేఫ్టీ కోసం" అన్నారు. మా పెద్దనాన్నేమో "నాలుగు గోలీలు ఎక్కువేసుకుంటే ఏం పోతది బిడ్డా?" అన్నాడు. ఈ టపా ఆ ప్రశ్నకే జవాబు.

1961లో అమెరికాలో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల చర్మంలోకి బాక్టీరియా ఎక్కించి చూశాడు. మందు ముందే ఒంట్లో ఉన్నవాటికి పుండు దాదాపు ముదరలేదు. మూడు గంటలు ఆలస్యమైతే మాత్రం మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే! మన భాషలో చెప్పాలంటే, ఫైర్‌వాల్ పెట్టాక సర్వర్‌ని నెట్‌కి కలపాలి గానీ, కలిపాక కాదు.

అందుకే సాధారణంగా సెఫజోలిన్ ఇంజెక్షన్ (పెద్దవాళ్ళకి 2 గ్రాములు) కోతకి ముందు 60 నిమిషాల లోపు ఇస్తారు. మోకాలికైతే ఇంకో మెలిక ఉంది. రక్తం కారకుండా తొడకి టోర్నికే అనే పట్టీ బిగిస్తే, ఆ తర్వాత ఇచ్చిన మందు మోకాలి దాకా చేరదు. డోసు మొత్తం దానికి ముందే ఎక్కాలి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మళ్ళీ ఒక డోసు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, లోపల పెట్టిన లోహానికి రక్తనాళాలుండవు. బాక్టీరియా దాని మీద పొర కట్టిందంటే గోలీలతో పోదు. మళ్ళీ కోసి కడగాలి, ఒక్కోసారి ఆ కీలే తీసెయ్యాలి. వందలో ఒకరిద్దరికే రావచ్చు, కానీ వచ్చినవాళ్ళకి నరకం.

మరి ఆ తర్వాతి పది రోజులు? ఆపరేషన్ ముగిశాక నివారణ కోసమని యాంటీబయాటిక్ పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. కీళ్ళ మార్పిడిలో కొనసాగించేవాళ్ళు కూడా 24 గంటల్లో ఆపాలన్నది మామూలు హద్దు. పొడిగిస్తే ఏం పోతదంటే... కడుపులోని మంచి బాక్టీరియా పోయి విరేచనాలు పట్టుకోవచ్చు, మందుకి లొంగని రకాలు మిగిలి పెరుగుతాయి. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే అదే మందు పనిచెయ్యదు. అసలే మన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు వదిలిన నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. బాక్టీరియాకి ట్రైనింగ్ మనం కొత్తగా ఇవ్వక్కర్లేదు.

అలాగని డాక్టర్ రాసినవి సొంతంగా ఆపెయ్యమని కాదు నేననేది. సూర్యాపేట హైవే మీద యాక్సిడెంటై ఎముక బయటికొచ్చిన కేసు వేరు, ఇప్పటికే చీము పట్టిన గాయం వేరు. వాటికి ఇచ్చేది వైద్యం, అది పూర్తిగా వాడాలి. నేననేది నివారణ గురించే.

లక్షలు పోసే చోట రెండు మాటలు అడగడానికి మొహమాటమెందుకు? "ఇంజెక్షన్ కోతకి ఎంత ముందు ఇస్తారు సార్? ఈ గోలీలు ఇన్ఫెక్షన్ ఉందనా, రాకుండానా?" రాకుండానే అంటే, ఇన్ని రోజులెందుకో కూడా అడగండి.