షోడోషిమాలో ఆలివ్ పిప్పి

జపాన్‌లోని తకమత్సు రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలో షోడోషిమా ద్వీపం. దిగగానే ఆలివ్ సబ్బు, ఆలివ్ సేమ్యా, ఆలివ్ ఐస్‌క్రీం. చేపల్ని డబ్బాల్లో నిల్వచేయడానికి నూనె కావాలని 1908లో జపాన్ ప్రభుత్వం మూడు చోట్ల ఆలివ్ మొక్కలు నాటించింది. మియెలో, కగోషిమాలో అవి నిలదొక్కుకోలేదు. ఈ ద్వీపంలో బతికాయి.

నేను వెళ్ళింది నూనె కోసం కాదు, పిప్పి కోసం. మా ఇంట్లో గానుగ నుంచి నూనెతోపాటు తెలగపిండి కూడా లెక్కచూసి తెచ్చుకునేవాళ్ళం. పాడిగేదెకి పెట్టగా మిగిలింది అమ్మ మునగాకు వేసి కూర వండేది. ఆలివ్ పిప్పీ అలాంటిదే అనుకున్నాను. మిల్లులో పనిచేసే పెద్దాయన కొంచెం తీసి నా అరచేతిలో పెట్టాడు. తడి బురద, మధ్యలో గింజ ముక్కలు. నాలుక మీద వేసుకుంటే చేదు గొంతుదాకా దిగింది. "గొడ్లూ ఇదే మొహం పెడతాయి" అని నవ్వాడాయన. ఫోను ఆ మాటని ఇంగ్లీషులో చెప్పేసరికి నా దగ్గు తగ్గింది.

తెలగపిండికున్న బలం దీనికి లేదు. మాంసకృత్తులు తక్కువ, నీరూ పీచూ ఎక్కువ. మిగిలిన నూనె వల్ల నిల్వ ఉంచితే త్వరగా చెడుతుంది. ఇక్కడి పశువుల రైతు ఇషీయి మసాకి దీన్ని ఎండబెట్టి, వేయించి చూశాడు. వగరు పర్సిమన్ పండు ఎండితే తియ్యగా మారుతుంది కదా, ఆలోచన అక్కణ్ణుంచే వచ్చిందట. వేయించిన దాణా సంచి మూతి విప్పితే మాడబోతున్న బెల్లంపాకం వాసన. ఇది నేనైనా తినేవాణ్ణి.

ఈ దాణా తిన్న పశువుల మాంసాన్ని 2010 నుంచి 'ఆలివ్ గ్యూ' పేరుతో అమ్ముతున్నారు. మరుసటి ఏడాది ఈ ద్వీపం ఉన్న కగావా ప్రిఫెక్చర్ అంతటా ఈ పద్ధతి మొదలైంది. కోతకు పంపేముందు కనీసం 2 నెలలు, రోజుకు 100 గ్రాములకు తగ్గకుండా పెట్టాలని నియమం. అంత పెద్ద జీవానికి అదెంత, రెండు గుప్పిళ్ళు! దానికే ఇంత పేరా అని నా అనుమానం. కానీ 2017లో మియాగిలో జరిగిన దేశవ్యాప్త వాగ్యూ (జపాన్ జాతి పశువుల) పోటీలో కొవ్వు నాణ్యతకిచ్చే బహుమతి దీనికే వచ్చింది. రుచి సంగతి నన్నడక్కండి. ధర చూసి పక్క కొట్లో ఉదోన్ నూడుల్స్ తిని వచ్చాను.

పశువుల్ని దగ్గరగా చూద్దామంటే కొట్టంలోకి రానివ్వలేదు. 2010లో మియజాకిలో గాలికుంటు వచ్చి లక్షల పశువుల్ని చంపాల్సివచ్చిన దేశం ఇది. గేటు దగ్గర సున్నం చల్లి ఉంది. కంచె ఇవతలినుంచే నల్లటి వీపుల్ని, వెనక పేడ కుప్పనీ చూశాను. ఆ ఎరువు మళ్ళీ ఆలివ్ తోటలకే.

వెళ్ళాలనుకుంటే అక్టోబరు, నవంబరుల్లో వెళ్ళండి. కోతలైపోయాక మిల్లు ఆడదు, సబ్బులే కొనుక్కోవాలి.